పవర్ డ్రాబార్ పెడితే స్పిండిల్ బేరింగ్‌లు పాడవుతాయా?

విజయవాడ ఆటోనగర్‌లో మిల్లింగ్ మిషన్ మీదికి వచ్చేది ఎక్కువగా రిపేరు పని. ఒకే హౌసింగ్‌కి ముందు ఫేస్ కట్టర్, తర్వాత డ్రిల్లు, ఆపైన బోరింగ్ హెడ్. టూలు మార్చిన ప్రతిసారీ స్టూలెక్కి, డ్రాబార్‌ను, అంటే స్పిండిల్ (టూలును పట్టి తిప్పే ఇరుసు) లోపలినుంచి టూలును పైకి లాగిపట్టే పొడవాటి బోల్టును, పానాతో వదులు చేసి, సుత్తితో కొట్టి దించాలి. గాలితో నడిచే పవర్ డ్రాబార్ పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది. కానీ బేరింగ్‌లు పోతాయని చాలామందికి భయం. ఆ భయం పైనుంచి సిలిండర్‌తో నొక్కే రకం విషయంలో నిజం, గాలి గన్‌తో దెబ్బలు వేస్తూ బోల్టును తిప్పే ఇంపాక్ట్ రకం విషయంలో దాదాపు అనవసరం. బలం బేరింగ్ గుండా దిగుతోందా, లేక స్పిండిల్‌లో పుట్టి స్పిండిల్‌లోనే తీరిపోతోందా అన్నది చూస్తే తేడా తెలిసిపోతుంది.

ముందు బిగింపు సంగతి. ఆర్8 (చిన్న మిల్లింగ్ మిషన్లలో వాడే ఒక టూలు గూడు కొలత) స్పిండిల్ డ్రాబార్ మర 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. దాన్ని 30 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, పొడి మర మీద టూలును పైకి లాగే బలం 13 కిలోన్యూటన్లు దాటుతుంది, అంటే టన్నుంబావు పైనే. ఇంత బలమూ బేరింగ్‌కు తగలదు. డ్రాబార్ సాగుతుంది, స్పిండిల్ గొట్టం నొక్కుకుంటుంది, లెక్క అక్కడికి సరి. అతిగా బిగిస్తే మాత్రం టేపరు (టూలు కూర్చునే ఏటవాలు భాగం) మేకులా లోపలికి దిగి స్పిండిల్ ముక్కును రవ్వంత ఉబ్బిస్తుంది. కింది బేరింగ్ లోపలి రింగు ఉన్నది ఆ ముక్కు చుట్టూనే కాబట్టి ప్రీలోడు, అంటే సందు లేకుండా బేరింగ్‌ను ముందే నొక్కిపెట్టే బలం, పెరిగి వేడెక్కుతుంది.

అందుకే ఇంపాక్ట్ రకంలో రెగ్యులేటర్ మీద అశ్రద్ధ పనికిరాదు. గన్‌తో బిగించాక టార్క్ రెంచ్‌తో విప్పి చూడండి. 27 నుంచి 34 న్యూటన్ మీటర్ల దగ్గర కదిలితే బాగున్నట్టు. 50 పెట్టినా కదలకపోతే బిగించే వైపు గాలి తగ్గించండి. విప్పే వైపు 6 బార్ ఉంచుకోవచ్చు. మరకు కొత్తగా నూనె రాస్తే అదే టార్క్‌కు లాగే బలం పెరుగుతుంది, కాబట్టి మళ్లీ సరిచూడాలి.

ఇంపాక్ట్ దెబ్బ తిరిగే దిశలోనే పడుతుంది. దాన్ని ఆపాల్సింది స్పిండిల్ బ్రేకు. బ్రేకు అరిగితే దెబ్బదెబ్బకూ స్పిండిల్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది, బంతులు ఉన్నచోటే రుద్దుకుంటాయి, మధ్యలోని గ్రీజు పక్కకు పోతుంది. బేరింగ్ విప్పితే బంతికీ బంతికీ ఉన్న ఎడంలోనే మచ్చలు, వాటి చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తాయి. బ్రేకు లైనింగ్ మార్చకుండా గేరులో పెట్టి లాక్ చేస్తే ఆ దెబ్బ పళ్లకూ కీకీ పోతుంది. ముందు బ్రేకు బాగు చేయించండి, కిట్ సంగతి తర్వాత.

టూలు విడిపించే తీరు ఇంకా ముఖ్యం. డ్రాబార్ తల పైకి లేవకుండా పట్టే క్యాప్ ఉంటే, మర విప్పే కొద్దీ డ్రాబారే టూలును కిందికి నెడుతుంది. ఈ బలమూ స్పిండిల్‌లోనే తీరిపోతుంది. క్యాప్ లేని కిట్‌లో టేపరు పట్టేస్తుంది, మళ్లీ సుత్తి చేతికొస్తుంది. ఆగి ఉన్న స్పిండిల్ మీద సుత్తి దెబ్బ పడిందంటే, టూలు విడిపోయేలోపు అది టేపరు మీదుగా తిన్నగా బంతుల మీదికి పోతుంది. రేసులో, అంటే బంతులు దొర్లే రింగులో, గుంటలు పడేది ఇలాగే. నా లెక్కలో క్యాప్ ఉన్న ఇంపాక్ట్ డ్రాబార్ సుత్తి కంటే ఎన్నో రెట్లు మేలు. విప్పేటప్పుడు టూలును మందపాటి గుడ్డతో పట్టుకోండి, ఒక్కసారిగా జారుతుంది.

అసలు ప్రమాదం టూలును పట్టి ఉంచడానికి డిస్క్ స్ప్రింగులు (గిన్నె ఆకారపు వాషర్ల దొంతర) పెట్టి, విడిపించడానికి పైనుంచి సిలిండర్‌తో నొక్కే రకంలో ఉంది. వీఎంసీలలో, అంటే కంప్యూటర్‌తో నడిచే నిలువు స్పిండిల్ మిషన్లలో, ఉండేది ఈ పద్ధతే. చూసి పాత మిషన్‌కు అలాగే తయారు చేసుకోవాలనిపిస్తుంది. 63 మి.మీ. సిలిండర్ 6 బార్ దగ్గర 1,870 న్యూటన్లతో, 100 మి.మీ. సిలిండర్ 4,700తో నొక్కుతుంది. సిలిండర్‌ను హెడ్‌కు బోల్టులతో బిగించేస్తే అదంతా బేరింగ్ మీదే పడుతుంది. వెన్నుకు వెన్ను పెట్టిన యాంగ్యులర్ కాంటాక్ట్ (పక్క బలంతో పాటు నిలువు బలాన్నీ మోసే రకం) బేరింగ్ జతలో ప్రీలోడుకు దాదాపు మూడు రెట్లు బలం నిలువుగా పడితే రెండో బేరింగ్ పూర్తిగా వదులైపోతుంది. ప్రీలోడు 200 న్యూటన్లయితే 600 దగ్గరే ఆ స్థితి వస్తుంది. బటన్ వదలగానే స్పిండిల్ ఎగిరి వెనక్కి కొట్టుకుంటుంది. రోజుకు యాభైసార్లు ఇలా జరిగితే ఏ బేరింగ్ తట్టుకుంటుంది?

దీనికి విరుగుడు, సిలిండర్ గైడ్ పిన్నుల మీద తేలుతూ ఉండాలి. నొక్కినప్పుడు తానే ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచి, దాని కొక్కెం స్పిండిల్ మీది కాలర్‌ను కింది నుంచి పట్టుకోవాలి. అప్పుడు నెట్టేదీ ఆపేదీ రెండూ స్పిండిలే. మిషన్ తిరిగేటప్పుడు కొక్కెమూ, సిలిండర్ రామ్మూ (నెట్టే కడ్డీ) దేనికీ తగలకూడదు, కనీసం ఒక మిల్లీమీటరు సందు కావాలి. టర్రెట్ మిల్లులో స్పిండిల్, దాన్ని మోస్తూ పైకీ కిందికీ జరిగే క్విల్ అనే గొట్టంతో పాటు, పుల్లీ హబ్ లోపల పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి కాలర్ పెట్టే చోటు ఉండదు. అలాంటి మిషన్‌కు ఇంపాక్ట్ రకమే పెట్టండి, ఈ జోలికి పోవద్దు.

ఇప్పటికే నొక్కే రకం పెట్టి ఉంటే పరీక్ష తేలిక. డయల్ (సన్నని కదలికను కొలిచే గేజి) స్టాండును క్విల్‌కే కట్టండి. బల్ల మీద పెడితే క్విల్ కదలిక కూడా కలిసిపోతుంది. సూదిని స్పిండిల్ ముక్కుకు కిందినుంచి ఆనించి బటన్ నొక్కండి. 0.01 మి.మీ. దాటి దిగితే బలం బేరింగ్ మీద పడుతున్నట్టే.

కృష్ణ ఒడ్డున ఉక్కపోత ఎక్కువ, కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి. పొద్దున్నే డ్రెయిన్ తిప్పాలి, ఫిల్టర్ గిన్నె ఖాళీ చేయాలి. గన్ వదిలే గాలిని పక్కకు మళ్లించండి, లేకపోతే ఆ తేమ స్పిండిల్ పైనుంచి మీది బేరింగ్ వైపు పోతుంది.

బెల్టు తీసి చేత్తో స్పిండిల్ తిప్పితే గుంటలు పడ్డ బేరింగ్ మెట్లుమెట్లుగా తగులుతుంది, నెమ్మది వేగంలో గరగరమంటుంది. వేడి చూసేటప్పుడు మే నెలలో షెడ్డే 43 డిగ్రీలు ఉండొచ్చని గుర్తుంచుకోండి. అరగంట తిప్పాక ముక్కు వేడి షెడ్డు కంటే 25 డిగ్రీలు మించి ఎక్కితే, ముందు డ్రాబార్ బిగింపు తగ్గించి మళ్లీ చూడండి. అయినా తగ్గకపోతే అప్పుడు బేరింగ్ విప్పండి.