టైల్స్ అమ్మడానికి పొట్టి గౌన్లెందుకు?
మా టైల్స్ షోరూమ్ వాళ్లు ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడితే బిల్లింగ్‌కి నన్ను పంపారు. స్టాల్ ముందు ఇద్దరు ఆడపిల్లలు, పొట్టి గౌన్లు, హై హీల్స్, పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి, కూర్చుంటే మేనేజర్ గారికి కోపం. వాళ్లని టైల్ ధర అడిగినవాళ్లు తక్కువ, సెల్ఫీ అడిగినవాళ్లే ఎక్కువ. జనం పలచబడ్డాక ఒకమ్మాయి చెప్పు విప్పి మడమ చూపించింది, చర్మం లేచిపోయి ఉంది.

ఈ సంగతి చర్చిలో చెప్తే ఒక పెద్దాయన వెంటనే "ఆ బట్టలేంటమ్మా, మొదటి తిమోతి 2:9 చదవలేదా వాళ్లు?" అన్నారు. ఆడవాళ్లు అణకువైన బట్టలు కట్టుకోవాలని బైబిల్లో ఉన్న మాట అది. నేను చదివాను అంకుల్. అక్కడ ఆ ఉత్తరం రాసిన పౌలు బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు కూడా వద్దన్నాడు, మరి క్రిస్మస్ రోజు మన ముందు వరసలో మెరిసే పట్టుచీరల మాటేంటి? మత్తయి 5:28లో యేసు ప్రభువు మందలించింది మోహంతో చూసే మగాడిని, ఆమె బట్టల ఊసే ఎత్తలేదు. పైగా ఆ గౌన్లు ఆ పిల్లలు కొనుక్కున్నవి కావు, కంపెనీ ఇచ్చినవి, అడగాల్సింది ఇచ్చినవాళ్లని కదా! బైబిల్లో ఊదారంగు పొడి అమ్మిన లూదియ కూడా వ్యాపారస్తురాలే, ఆమె అమ్మింది సరుకు. ప్రకటనల్లో ఆడవాళ్లని అసభ్యంగా చూపించకూడదని మన దేశంలో 1986లోనే చట్టం వచ్చింది, అది స్టాళ్ల దాకా ఎప్పుడొస్తుందో మరి.

ఈసారి కుర్చీలు వేయండి, అందరికీ ఒకటే యూనిఫాం ఇవ్వండి అని మేనేజర్ గారికి మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు. సోమవారం మళ్లీ అడుగుతా.