ఒక్క పేపర్, రెండేళ్ల తిరుగుడు

ఎంఏ ఎకనామిక్స్‌లో ఒక ఫీల్డ్ వర్క్ పేపర్ పెడదామని మా డిపార్ట్‌మెంట్‌లో అనుకున్నది 2019 ఆగస్టులో. పొద్దున్నే వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు పోతే మిర్చికి జెండా పాట (ఆ రోజు వేలంలో పై రేటు) ఎంత పలికిందో పిల్లలు కళ్లారా చూస్తారు. ఆ రేటే మర్నాడు పేపర్లో వస్తుంది. పక్క రాశి రైతు మాత్రం అంతకంటే తక్కువ రాసిన తక్‌పట్టీ (అమ్మకం చీటీ) పట్టుకుని ఇంటికి పోతాడు. ఈ తేడా ఎందుకో మా థియరీ క్లాసులో ఎక్కడా రాదు.

అందరూ బాగుందన్నారు. పని నా నెత్తిన పడింది.

సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగ్‌కు బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన నా కాగితం రెండుసార్లు తిరగేశారు. "రిఫరెన్స్ పుస్తకాల లిస్టు ఏదమ్మా?"

"మార్కెట్ యార్డే పుస్తకం సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. "మరి పిల్లవాడు ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకొస్తే ఎట్లా పట్టుకుంటవు?"

నా దగ్గర జవాబు లేదు. ఫీల్డ్ డైరీ, వైవా, మార్కెట్‌కు పోయిన ప్రతిరోజూ గైడ్ సంతకం, అన్నీ ఆ పూటే చేర్చాం. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆ పేపర్‌ను నిలబెట్టింది ఆయన ప్రశ్నే.

చీకటి పడింది. మినిట్స్ టైపయి వచ్చాయి. అందరితో పాటు నేనూ చదవకుండా సంతకం పెట్టాను. నెల తర్వాత ఫైల్ వెనక్కొచ్చింది. 'అప్రూవ్డ్' అని ఉండాల్సిన చోట 'మే బి కన్సిడర్డ్' అని ఉంది. పక్కన ఎర్ర ఇంకు గీత.

1991 యూనివర్సిటీల చట్టం ప్రకారం డబ్బు, పోస్టులు పాలక మండలి చేతిలో ఉంటాయి. అందులో ప్రభుత్వ కార్యదర్శులు, ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు కూర్చుంటారు. సిలబస్ మాత్రం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ది, దానిపైన అకడమిక్ సెనెట్‌ది. అంటే టీచర్లది. మాకు మిగిలిందే అది. దాన్నీ చదవకుండా వదిలేశాం.

మళ్లీ మీటింగ్ పెడదామంటే బోర్డు గడువు అయిపోయింది. కొత్త బోర్డు వేయాల్సింది వీసీ. ఆ రోజుల్లో రాష్ట్రంలో చాలా యూనివర్సిటీలకు ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జి వీసీలు. యూనివర్సిటీ ఆఫీసులో సెక్షన్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. "ఫైలు పైకి పోయింది మేడం, ఇంకా కిందికి రాలే" అనేవాడు అటెండర్. ఇంతలో కరోనా. 2021 మేలో పూర్తికాలపు వీసీలు వచ్చాక గానీ మా కాగితం కదల్లేదు. ఆ తర్వాతి మిర్చి సీజన్‌కు మొదటి బ్యాచ్ యార్డుకు పోయింది. ఘాటుకు అందరూ తుమ్ములే తుమ్ములు.

మొన్నటి బోర్డు మీటింగ్‌లో మినిట్స్ ప్రతి లైనూ చదివాకే సంతకం పెడతానని కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన సార్‌కు కాజీపేటలో ట్రైన్ టైమవుతోంది. ఆయన గడియారం చూసుకుంటున్నారు. నేను మూడో పేజీలో ఉన్నాను.