పదాల నోటుపుస్తకం, నీటి అడుగున బుద్ధుడు

1991 జూన్‌లో తొమ్మిదో తరగతికి వచ్చేనాటికి నేను అలంకారాల నిర్వచనాలన్నీ గైడు చూసి అప్పజెప్పగలిగేవాణ్ణి గాని, ఎదురుగా ఉన్న పద్యంలో ఏ అలంకారం ఉందని అడిగితే నేలచూపులు చూసేవాణ్ణి. ఆ సంగతి మొదటి వారంలోనే కనిపెట్టిన మా తెలుగు సార్ అందరినీ తలా ఒక నోటుపుస్తకం కొనుక్కొని రమ్మన్నారు. అర్థం తెలియని మాట ఏదైనా అందులో రాసుకోవచ్చు. అయితే ఆ మాటను ఎక్కడ విన్నామో, ఎక్కడ చదివామో పక్కన రాయకపోతే ఎర్ర సిరాతో కొట్టివేస్తానని ఒక నిబంధన పెట్టారు.

నా పుస్తకంలో మొదటి మాట బోనం. సికింద్రాబాదులో ఉండేవాళ్లం గనుక ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి జాతరకు ఏటా వెళ్లేవాణ్ణి. బోనమంటే ఆడవాళ్లు తలమీద పెట్టుకొని మోసే అలంకరించిన కుండ పేరేనని అనుకొనేవాణ్ణి. 'భోజనం' ప్రకృతి, అంటే మూలమైన సంస్కృత పదం, 'బోనం' దాని మారిన రూపమైన వికృతి అనీ, 'జాతర' కూడా 'యాత్ర' నుంచే వచ్చిందనీ సార్ చెప్పినప్పుడు నాకు ఏదో రహస్యం చిక్కినట్లయింది. ఇంటికి వెళ్లి గొప్పగా చెబితే మా నానమ్మ, "అమ్మకు తినవెట్టుడే గద బిడ్డా, గింత దానికి పుస్తకమెందుకు?" అని నవ్వింది.

సుల్తాన్‌బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయానికి సార్ మమ్మల్ని ఒక శనివారం తీసుకువెళ్లి, నిఘంటువు చూసే పద్ధతి నేర్పారు. మాట పక్కన కనిపించే 'సం.', 'వై.', 'దే.' అనే పొడి అక్షరాలు అది సంస్కృతసమమా, వికృతా, అచ్చ తెలుగు మాటయైన దేశ్యమా అని చెబుతాయని ఆనాడే తెలిసింది.

ఉపమ నాకు తొందరగానే పట్టుబడింది. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు, లెక్క సరిపోతే చాలు. ఉత్ప్రేక్ష దగ్గరే చిక్కుపడ్డాను. 'ఈ ఏనుగు నడిచే కొండా అన్నట్లుంది' అనే వాక్యం కనిపించినా, అది ఉపమ అనే రాసేవాణ్ణి. అప్పట్లో హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం నీటి అడుగునే ఉంది. 1990 మార్చిలో పడవ మీద తరలిస్తుండగా మునిగిపోయిన ఆ ఏకశిలా విగ్రహం గురించి ఊళ్లో అందరూ మాట్లాడుకొనేవారు. సార్ దాన్నే పాఠం చేసుకున్నారు. "సాగరం అద్దంలా ఉందంటే అది ఉపమ, సాగరమనే అద్దమంటే రూపకం. మరి అక్కడ బుద్ధుడు ఎందుకు మునిగాడో ఊహించి చెప్పండి" అన్నారు. ఎవరో నవ్వారు, ఎవరో పడవను తిట్టారు. నేను లేచి, "ఊరి రొద పడలేక నీటి అడుగున ధ్యానానికి కూర్చున్నాడా అన్నట్లుంది సార్" అన్నాను. "అదే ఉత్ప్రేక్ష" అన్నారాయన. జరిగినదానికి లేని కారణాన్ని ఊహించి అంటగట్టడం కూడా ఉత్ప్రేక్షలో ఒక విధమేనని ఆ రోజు తెలిసింది. ఉన్న పోలికను చెప్పేది ఉపమ, ఉన్నదాన్ని మరొకటిగా ఊహించేది ఉత్ప్రేక్ష అనే తేడా ఆ తరువాత ఏ పరీక్షలోనూ మరిచిపోలేదు. నిర్వచనం ముందు, ఉదాహరణ తరువాత అనే గైడుల వరస మీద నాకున్న కోపం కూడా ఆనాటిదే.

1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకి తీసి సాగర్ మధ్యలోని జిబ్రాల్టర్ రాక్ మీద నిలబెట్టేనాటికి మేము పదో తరగతిలో ఉన్నాం. ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసి వచ్చి, పాత ఊహనే కొంచెం మార్చి, ధ్యానం ముగించుకొని లేచాడా అన్నట్లుందని రాసుకొని వెళ్లాను. సార్ చదివి పుస్తకం తిరిగి నా చేతిలో పెట్టారు. "ఇప్పుడు ఆయన కళ్లకు కనిపిస్తున్నాడు కదా, ఊహ ఎందుకు? ఉన్నది ఉన్నట్లు చెప్పు, స్వభావోక్తి రాయి" అన్నారు. 'అన్నట్లు' అనే మాట వాడకుండా పది వాక్యాలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అందులో నాలుగింటిని ఆయన ఎర్ర సిరాతో కొట్టివేశారు.