పది వారాల వాయిదా

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ జరిగి నిన్నటికి పన్నెండు రోజులు. తలమీద పక్కులన్నీ రాలిపోయాయి, ముందువైపు ఇంకా కాస్త ఎర్రగానే ఉంది. ఫలితం గురించి ఇప్పుడు చెప్పడానికేమీ లేదు. నాటిన వెంట్రుకలు మొదటి రెండు నెలల్లో చాలావరకు రాలిపోతాయి, మళ్లీ మొలకెత్తడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అసలు రూపం తెలియాలంటే ఏడాది ఆగాలి. నేను రాయాలనుకున్నది అంతకుముందు గడిచిన పది వారాల గురించి. ఆ పది వారాలు లేకుండానే సూది కింద తల పెట్టబోయాను.

నాకు 36 ఏళ్లు. సొంతూరు గూడూరు దగ్గర, ఉద్యోగం శ్రీపెరుంబుదూరులో, ఉండేది పోరూరులో. మొదట వెళ్లిన సెంటర్ పేరు రాయను. అక్కడి కౌన్సెలర్ నా తలకి నాలుగువైపులా ఫోటోలు తీసి, 2,500 గ్రాఫ్టులు (తల వెనక నుంచి తీసి ముందు నాటే వెంట్రుకల కుదుళ్లు) అని కాగితం మీద రాసి, వచ్చే ఆదివారమే చేయించుకుంటే ధర తగ్గిస్తామన్నారు. డాక్టరు కనపడలేదు. బీపీ చూడలేదు. ఏం మందులు వాడుతున్నారని ఎవరూ అడగలేదు. సంతోషంగా 10,000 అడ్వాన్సు కట్టి ఇంటికొచ్చాను.

ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేశాను. తను నెల్లూరులో స్టాఫ్ నర్సు. "రక్త పరీక్షలు ఏం రాశారన్నా?" అనడిగింది. ఏమీ రాయలేదన్నాను. "మత్తు సూది ఎవరిస్తారు?" తెలియదన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 2016లో మన చెన్నైలోనే ఒక వైద్య విద్యార్థి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని ప్రాణం పోగొట్టుకున్న సంగతి చెప్పింది. డాక్టరు కాబోతున్న కుర్రాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. 2022 సెప్టెంబరులో, దేశంలో వైద్య విద్యనీ వైద్య వృత్తినీ నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తనే పంపింది. వర్క్‌షాపులకు వెళ్లో, యూట్యూబ్ చూసో నేర్చుకున్నది ఈ పనికి చాలదని అందులో స్పష్టంగా ఉంది. అడ్వాన్సు వదులుకున్నాను.

రెండోసారి ఒక ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నా తల చూడకముందే ఒక కాగితం ఇచ్చి, "రోజూ వేసుకునే మాత్రలు, అప్పుడప్పుడు వేసుకునేవి, పొడులు, టానిక్కులు అన్నీ రాయండి" అన్నారు. ఏమీ లేవని రాయబోయి ఆగాను. మైగ్రేన్‌కి రెండేళ్లుగా రోజూ రాత్రి ప్రొప్రనలాల్ 40 వేసుకుంటున్నాను. పళ్లు తోముకున్నట్టు అలవాటైపోయి, అదీ ఒక మందేనన్న ధ్యాసే పోయింది.

అది చదవగానే ఆమె పెన్ను కింద పెట్టారు. తలకి ఇచ్చే మత్తుమందు లిగ్నోకెయిన్. అందులో అడ్రినలిన్ కలుపుతారు. దానివల్ల రక్తనాళాలు ముడుచుకుని రక్తం తక్కువ కారుతుంది, మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ప్రొప్రనలాల్ ఒంట్లో ఉన్నవాళ్లకి అదే అడ్రినలిన్ వల్ల బీపీ ఒక్కసారిగా పెరిగిపోయి, గుండె వేగం బాగా పడిపోయే ప్రమాదం ఉంది. పోనీ రేపట్నుంచి మానేస్తానంటే గట్టిగా వద్దన్నారు. ఉన్నట్టుండి ఆపడమూ గుండెకి మంచిది కాదట. మా న్యూరాలజిస్టుకి ఉత్తరం రాసిచ్చారు. ఆయన కొన్ని వారాలపాటు డోసు మెల్లగా తగ్గించి, వేరే మందుకి మార్చారు. వాయిదాకి మొదటి కారణం ఇదే.

ఇక్కడ ఒక మాట. రక్తం పల్చబరిచే ఆస్పిరిన్‌లాంటివి వారం పదిరోజుల ముందు ఆపమంటారని వినే ఉంటారు. మా నాయనకి స్టెంట్ వేశారు, ఆయన రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. అలాంటివాళ్లు జుట్టు కోసం దాన్ని సొంతంగా ఆపితే ప్రాణానికే ముప్పు. గుండె డాక్టరు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే ట్రాన్స్‌ప్లాంటే మానుకోవాలి.

రెండో కారణం సిగరెట్. పద్నాలుగేళ్లుగా రోజుకి ఎనిమిది. నాటిన గ్రాఫ్టుకి మొదటి కొన్ని రోజులు సొంత రక్తనాళం ఉండదు, చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరేదాని మీదే బతుకుతుంది. నికోటిన్ ఆ సన్నటి నాళాలను బిగిస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు లాక్కుంటుంది. కొందరిలో చర్మమే నల్లబడి చచ్చిపోతుందని ఆమె ఫోటో చూపించారు. కనీసం నాలుగు వారాల ముందు మానమన్నారు, నేను తొమ్మిది వారాల ముందే మానేశాను. నికోటిన్ గమ్ నమిలినా నికోటిన్ నికోటినే కాబట్టి మొదటి మూడు వారాలు వాడి దాన్నీ వదిలేయాల్సి వచ్చింది. అన్నిటికన్నా కష్టం సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టు. నాతో కలిసి కాల్చే స్నేహితుడు ఆ రెండు నెలలూ నా ముందు వెలిగించలేదు. సోంపు పొట్లం జేబులో పెట్టుకొచ్చేవాడు. ఆ మేలు నేను మరచిపోను.

మా అమ్మకి తిరుమల మొక్కు ఉంది, నేను తలనీలాలు ఇవ్వాలి. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాతైతే చాలా నెలలు తలకి కత్తి తగలనివ్వకూడదు. అందుకని ముందే, ఏడు వారాలుండగా వెళ్లాం. డాక్టరమ్మ సంతోషించారు. గుండు చేయించుకున్నాక ఎండ తగిలి మాడు కమిలిపోకుండా టోపీ పెట్టుకోమన్నారు, ఆపరేషన్ దగ్గరపడ్డాక మాత్రం కత్తితో గీయించుకోవద్దన్నారు, గాట్లు పడతాయని. కల్యాణకట్ట నుంచి వచ్చాకే నా మెడ పైభాగంలో హెల్మెట్ ఒరిపిడికి లేచిన చీము పొక్కులు బయటపడ్డాయి. గ్రాఫ్టులు తీసేది సరిగ్గా అక్కడినుంచే. పదిరోజులు క్రీము రాస్తే తగ్గాయి. జుట్టు కింద ఉండిపోయి ఉంటే ఎవరూ చూసేవాళ్లు కాదు.

మిగతావి త్వరగా చెప్తాను. సీబీసీ (రక్తకణాల లెక్క), షుగర్, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, ఈసీజీ చేయించారు. చేపనూనె క్యాప్సూళ్లు, విటమిన్ ఇ, మద్యం ఆపించారు. జుట్టు పెరగడానికి తలకి రాసుకునే మినాక్సిడిల్ వారం ముందు ఆపాను. అమ్మ చేపల పులుసు మానాలా అనడిగితే, వంటలో తినేదానికి భయం లేదన్నారు.

ఇంకొకటి, బరువు. నేను 71 కిలోలు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ కిలోకి 7 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే నాకు 497. రెండు శాతం మందులో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి దాదాపు 25 మిల్లీలీటర్లు నా హద్దు. దాటితే మూర్ఛ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. మొదటి సెంటర్‌లో బరువు తూచే మిషనే నాకు కనపడలేదు.

ఆ రోజు ఉదయం ఇడ్లీ తిని, తల మీదుగా తీయనక్కర్లేని గుండీల చొక్కా వేసుకుని వెళ్లాను. నర్సు నా బీపీ చూసి 124/80 అని రాసుకుంది. తర్వాత నా మాత్రల కాగితం తీసి ఒక్కొక్కటే చదువుతూ, ఏది ఏ తేదీన ఆపానో నా నోటితో చెప్పించుకుంది. ఆ కాగితం ఫోటో తీసి చెల్లెలికి పంపాను.

"ఇప్పుడు లోపలికి వెళ్లన్నా" అని జవాబిచ్చింది.