రెలటివ్ ప్రొనౌన్స్: నాకు పనికొచ్చిన పద్ధతి

మిత్రులారా, ఇంగ్లిష్ గ్రామర్‌లో రెలటివ్ ప్రొనౌన్స్ (ఒక మనిషినో వస్తువునో దాని గురించి చెప్పే ముక్కతో కలిపే 'హూ', 'విచ్', 'దట్' లాంటి మాటలు) చిన్న టాపిక్ కదా అని చివరికి నెట్టేయకండి. పరీక్షల్లో వచ్చే ఎర్రర్ స్పాటింగ్‌లో, ఫిల్ ఇన్ ద బ్లాంక్స్‌లో, సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్‌లో, మూడుచోట్లా ఇది అక్కరకొస్తుంది.

మనుషులకు 'హూ', వస్తువులకు 'విచ్' అన్న రూల్ అందరికీ వచ్చు. దానితోనే ఆగిపోతే బిట్లు చేయలేం. అసలు చిక్కు మన తెలుగు అలవాటులో ఉంది. 'నన్ను పిలిచిన మనిషి', 'నేను పిలిచిన మనిషి' అంటాం. రెండుచోట్లా 'పిలిచిన' అన్న మాటే సరిపోతోంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. మొదటిదానికి 'హూ', రెండోదానికి 'హూమ్' కావాలి. ఎవరు పిలిచారు, ఎవరిని పిలిచారు అని ప్రతిసారీ తేల్చుకోవాల్సిందే.

అందుకు నేను పట్టుకున్న పద్ధతి ఒకటే: ఖాళీ తర్వాతి ముక్కను విడదీసి చదవడం. అందులో 'హీ' లోటైతే 'హూ', 'హిమ్' లోటైతే 'హూమ్', 'హిజ్' లోటైతే 'హూజ్'. ఈ రెండు వాక్యాలూ నోట్‌బుక్‌లో ఒకదానికింద ఒకటి రాసి చూడండి:

ద మ్యాన్ ___ ఐ ట్రస్ట్.
ద మ్యాన్ ___ ఐ థింక్ ఈజ్ ఆనెస్ట్.

మొదటిది 'ఐ ట్రస్ట్ హిమ్', కాబట్టి 'హూమ్'. రెండోదాంట్లోనూ 'ఐ' కనబడగానే చాలామంది 'హూమ్' పెట్టేస్తారు. 'ఐ థింక్' తీసేసి చదవండి. మిగిలింది 'ఈజ్ ఆనెస్ట్'. దానికి కావాల్సింది 'హీ', అంటే జవాబు 'హూ'. ఈ మోడల్ బాగా చేతికొచ్చేదాకా వదలొద్దు. 'ఐ నో', 'హీ సేస్', 'వియ్ బిలీవ్' అని మార్చి మార్చి ఇస్తుంటారు.

తర్వాత వెర్బ్. 'హీ ఈజ్ వన్ ఆఫ్ ద బాయ్స్ హూ ప్లే వెల్' అన్నప్పుడు 'హూ' సూచించేది 'బాయ్స్'ని, అందుకే 'ప్లే'. అదే 'ద ఓన్లీ వన్ ఆఫ్ ద బాయ్స్' అంటే బాగా ఆడేది ఒక్కడే, అక్కడ 'ప్లేస్'. ఒక్క 'ఓన్లీ'తో జవాబు తారుమారవుతుంది.

మిగతావి ఒకసారి చూసుకుంటే చాలు. 'ఇన్', 'ఆఫ్' లాంటి ప్రిపొజిషన్ వెంటనే 'దట్' రాదు: 'ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్'. అదనపు సమాచారానికి ముందు పెట్టే కామా తర్వాతా అంతే. 'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్' అని ఇస్తే ఆ 'ఇట్' ఎక్కువ, కొట్టేయండి. 'హూజ్' మనుషులకే అనుకోవద్దు, 'ఎ హౌస్ హూజ్ రూఫ్' కూడా కరెక్టే.

ప్రాక్టీస్‌కి నేను ఎడిటోరియల్స్ వాడాను. పొడవాటి వాక్యం తీసుకుని రెండు చిన్న వాక్యాలుగా విడగొట్టడం, పేపర్ మూసేసి మళ్లీ కలిపి రాయడం. రూల్స్ బట్టీ పట్టడం కంటే ఇదే నాకు ఎక్కువ పనిచేసింది. బిట్ చేసేటప్పుడు మాత్రం ఆప్షన్లు చూడకముందే ఖాళీలో ఏం రావాలో తేల్చుకోండి. 'హూ', 'హూమ్' పక్కపక్కన కనిపించాక చదివితే రెండూ సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తాయి.