మెడ మీద చేయి వేసే ముందు

నిన్న హైదరాబాద్‌లో, నల్లకుంటలో, పదిమంది ఫిజియోథెరపిస్టులకు తలనొప్పి మెడ నుంచి వస్తోందేమో పరీక్షించే పద్ధతి నేర్పించాను. నేను చదువుకున్న రోజుల్లో దీనికి ఒక్క పూట కూడా కేటాయించలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఉదయమంతా ప్రశ్నలతోనే గడిచింది. నొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా మొదలైందా, జ్వరంతో మెడ బిగుసుకుందా, 50 ఏళ్లు దాటాక కొత్తగా వచ్చిందా అని అడగకుండా మెడ మీద చేయి వేస్తే, వెంటనే వైద్యుడి దగ్గరకు పంపవలసిన మనిషిని మనమే ఆపేసినవాళ్లమవుతాం. నొప్పి మాత్రలు నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారో కూడా అడగాలి. 15 రోజులు, అంతకు మించి అయితే ఆ మాత్రలే తలనొప్పికి కారణం కావచ్చు.

మధ్యాహ్నం ఒక అమ్మాయి తన తోటి శిక్షణార్థిని వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంచి, తలను మెల్లగా ఇరువైపులా తిప్పింది. మామూలుగా ఒక్కోవైపు సుమారు 44 డిగ్రీలు తిరగాల్సిన తల, కుడివైపు సగంలోనే ఆగిపోయింది. "మేడమ్, నాకు తరచూ కంటి వెనక వచ్చే నొప్పి ఇదే" అంది పడుకున్నామె. మెడ పైభాగపు నరాల సంకేతాలూ, ముఖానికి చెందిన ట్రైజెమినల్ నరం సంకేతాలూ ఒకేచోట కలుస్తాయి కాబట్టే మెడలోని బాధ కంటి దగ్గర తెలుస్తుందని ఎన్నిసార్లు పాఠం చెప్పినా, ఆ క్షణంలో అర్థమైనంతగా వాళ్లకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అయినా ఈ ఒక్క పరీక్షతో మైగ్రేన్ కాదని తేల్చవద్దని గట్టిగా చెప్పాను; మైగ్రేన్ ఉన్నవారిలో చాలామందికి మెడనొప్పి కూడా ఉంటుంది.