రాష్ట్రం కింద తెగిన ఒత్తు

మార్చి వచ్చిందంటే మా ప్రెస్సులో ఊపిరి సలపదు. జూన్‌లో బడులు తెరిచేలోపు గైడ్లు, వర్క్‌బుక్కులు కట్టలు కట్టి పంపాలి. సరిగ్గా అప్పుడే ఉబుంటు, ఫెడోరా బీటాలు దిగుతాయి. రెండూ కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ రకాలు, బీటా అంటే అసలు రిలీజ్‌కు ముందు, నాలాంటివాళ్లు తప్పులు పట్టడానికి వదిలే వెర్షన్. ఎవరో నా మీద కక్షగట్టి తేదీలు పెట్టినట్టే ఉంటుంది. సెప్టెంబరులో వచ్చేవి నయం, అప్పుడు కాస్త తీరిక.

నేను ప్రోగ్రామర్ని కాను. మాది నెల్లూరు పక్క పల్లె, పెళ్లయి చెన్నై వచ్చి పదిహేనేళ్లు. రాయపేటలో ఒక తెలుగు ప్రెస్సులో డీటీపీ చేస్తాను. అక్కడంతా పేజీలు కట్టే పేజ్‌మేకరూ, పాత పద్ధతి అను ఫాంట్లూ. ఇంటి దగ్గర మాత్రం యూనికోడ్ పని, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే తెలుగు: పాత పుస్తకాలను ఈ-బుక్కులుగా మార్చి, ప్రూఫులు దిద్ది ఇస్తాను. దానికి లైనక్సే. మా మరిది ఎక్కించి పెట్టాడు. "వదినా, ఇక నన్ను మాటిమాటికీ పిలవక్కర్లేదు" అన్నాడు. పిలవడం తగ్గలేదు, పిలిచే కారణాలు మారాయి.

బీటాల కోసం విడిగా ఒక లాప్‌టాప్ ఉంది. రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో పదకొండు వేలకు కొన్నాను. మూత దగ్గర ఒక స్క్రూ లేదు, బ్యాటరీ గంట కూడా ఆగదు. ఇంట్లో దాని పేరు ప్రయోగాల డబ్బా. మా మరిది మాత్రం ఇంత అవస్థ ఎందుకంటాడు, వర్చువల్ మెషిన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, పెట్టుకుని చూడొచ్చు కదా అంటాడు. చూడొచ్చు. కానీ మూత వేసి తీస్తే లేస్తుందా, వైఫై నిలుస్తుందా, ప్రింటర్ కనిపిస్తుందా, ఇవన్నీ అసలు మిషన్ మీదే తేలాలి. పెళ్లిచూపుల ఫొటో చూసి సంబంధం ఖాయం చేసుకోం కదా.

ఐఎస్‌ఓ, అంటే బీటా మొత్తం ఉన్న ఒకే ఫైలు, దింపాక మొదట షా-256 సంఖ్య సరిచూస్తాను, అది కలిస్తే ఫైలు చెడకుండా వచ్చినట్టు. తరువాత పెన్‌డ్రైవ్‌కి రాయడం. ఇక్కడ ఒకసారి దెబ్బ తిన్నాను. డిస్కు మీదికి ఫైలు రాసే డీడీ కమాండులో ఒక్క అక్షరం తేడా పడి, ఎనిమిదో తరగతి సోషల్ ప్రూఫులున్న బ్యాకప్ డిస్కు మీదికి ఐఎస్‌ఓ ఎక్కింది. డీడీ అడగదు, ఆగదు, చెప్పింది చేస్తుంది. కాగితం మీద ఎర్ర ఇంకుతో దిద్దిన కాపీ ఉంది కాబట్టి బతికాను, నాలుగు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టాను. అప్పటి నుంచి ముందు డిస్కుల జాబితా తీసి సైజు చూస్తాను. 16 జీబీ పెన్‌డ్రైవ్ అక్కడ 14.9 అని కనిపిస్తుంది. ఆ అంకె కనబడితేనే ఎంటర్ నొక్కుతాను.

బీటా పైకి లేచాక అందరూ చూసేవి నేను చూడను. వాల్‌పేపర్ బాగుందా, ఐకాన్లు మారాయా, వాటికి చాలామంది ఉన్నారు. నాకు ఒక పరీక్ష పేజీ ఉంది. అందులో జ్ఞానం, లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, సాఫ్ట్‌వేర్ లాంటి పదాలు ఒక నలభై. ముందు తెలుగు టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఆపిల్ కీబోర్డు లేఅవుట్ ఉందో లేదో చూసుకుంటాను, డీటీపీ వాళ్ల చేతివేళ్లు ఇంకో దానికి తిరగవు. స్త్రీ అని కొట్టడానికి ఆరు కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్ లెక్కలో ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి ఒక్కటే పోతుందా, మొత్తం అక్షరమే ఎగిరిపోతుందా? సాఫ్ట్‌వేర్‌లో ట్ పక్కన కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, అది లేకపోతే వ పోయి ట కింద ఒత్తుగా కూర్చుంటుంది. ఎడిటర్‌లో నిలిచిన ఆ గుర్తు ఫైలు పేరులో నిలుస్తుందా?

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. ఈ అన్నం సంగతి అలా కాదు. ఇంగ్లీషు మెతుకులన్నీ మెత్తగా ఉడికి, తెలుగు మెతుకు ఒక్కటే పలుకుగా ఉండిపోవచ్చు. అది నోట్లో పెట్టుకునేవాళ్లకే తగులుతుంది.

ఒక ఏడాది నాకలా తగిలింది. ఆ డిస్ట్రో (లైనక్స్ రకం) పేరు చెప్పను, బీటాలో దొరికిన తప్పుకు పరువు తీయడం అన్యాయం. టెక్స్ట్ ఎడిటర్‌లో "రాష్ట్రం పాఠం 4" అనే ఫైలు తెరిచాను. లోపల రాష్ట్రం బాగానే ఉంది. పైన ట్యాబ్ మీద బోల్డ్‌లో వచ్చిన రాష్ట్రానికి మాత్రం కింద ఒత్తు అడ్డంగా తెగిపోయింది, బ్లేడుతో కోసినట్టు. నిజానికి అంతకు ముందు ఏడాదే చూశాను. సీజన్ హడావుడి దాటాక జూన్‌లో తీరిగ్గా దాన్ని తయారుచేసేవాళ్లకు రాస్తే, తరువాతి వెర్షన్‌లో చూద్దామన్నారు. రిలీజ్ అయ్యాక ఏదైనా మార్చాలంటే దానికి వేరే తతంగం, ఇంకొకటి విరగదని రుజువు చూపాలి. అదే ఎల్‌టీఎస్, అంటే ఏళ్ల తరబడి అప్‌డేట్లిచ్చే వెర్షన్, అయితే ఆ తెగిన ఒత్తుతో 5 ఏళ్లు కాపురం చేసేవాళ్లుంటారు. అందుకని ఈసారి బీటా వచ్చిన మూడో రోజే రాశాను, రాత్రి పదకొండింటికి, పక్కన వర్క్‌బుక్ ప్రూఫులు అలాగే పెట్టుకుని.

రెండు బొమ్మలు జత చేశాను, ఒకటి సరైనది, ఒకటి తెగినది. మర్నాడు అక్కడి ఒక ప్రోగ్రామర్ దగ్గర్నుంచి జవాబొచ్చింది: రెండూ ఒకేలా ఉన్నాయి, వీటిలో తప్పు ఏది?

నవ్వొచ్చింది, తరువాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఆయనకు అవి గుండ్రటి గీతలు. నాకు చైనా అక్షరం చూపించి గీత తగ్గిందంటే నేను మాత్రం కనిపెడతానా? తెగినచోట ఆవగింజంత ఎర్ర సున్నా చుట్టాను. చాల్లేదు. చివరికి, మీ చిన్న జీ, వై అక్షరాలకు కింద తోకలుంటాయి కదా, అవి కత్తిరిస్తే ఎలా ఉంటుందో ఇది అలా ఉంది అని రాశాను. ఇంగ్లీషు మా మరిది దిద్దాడు. ఆ ముక్క పని చేసింది. ట్యాబ్ ఎత్తును ఇంగ్లీషు ఫాంటు కొలతను బట్టి ఖాయం చేస్తున్నారట, తెలుగు ఫాంటు ఎంత కిందికి దిగుతుందో ఎవరూ కొలవలేదట.

2024 బీటాల సంగతి మా ఇంట్లో ఇప్పటికీ కథగా చెప్పుకుంటాం. మార్చి 29, గుడ్ ఫ్రైడే, ప్రెస్సుకు సెలవు. మంగళవారం వచ్చిన ఫెడోరా 40 బీటాను ఆ రోజు డబ్బాలో ఎక్కించాను. శనివారం పొద్దున్న కాఫీ కలుపుతుంటే మరిది ఫోను: "వదినా, ముందు ఆ డబ్బా నెట్ పీకెయ్!" ఎక్స్‌జడ్ అని ఫైళ్లను కుదించే చిన్న పనిముట్టు. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. జియా టాన్ అనే పేరుతో రెండేళ్లకు పైగా బుద్ధిమంతుడిలా పని చేసి, నమ్మకం సంపాదించి మరీ పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో ఇంకా పరీక్షలో ఉండే అన్‌స్టేబుల్ వెర్షన్ వాడుతూ, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. అర సెకను! మా ఆయన కాఫీ అరగంట ఆలస్యమైనా గమనించరు.

ఫెడోరా 40 బీటాలో 5.6.0 ఉంది. అసలు విషం అందులో పని చేయడం లేదనే అనిపిస్తోందన్నారు, అయినా 5.4కి వెనక్కి వెళ్లమన్నారు. వెళ్లాను. ఉబుంటు 24.04 బీటా ఏప్రిల్ 4న రావాల్సింది. వాళ్లు ప్యాకేజీలన్నీ మళ్లీ కట్టుకుని, ఉగాది వెళ్లాక 11న వదిలారు. మా అత్తయ్యకు ఇదంతా విడమరిచి చెబితే, "సగం చేసినవి తెచ్చి పెట్టుకుంటే అలాగే అవుతుందమ్మా" అన్నారు. పూర్తయి రిలీజైన స్టేబుల్ వెర్షన్లు వాడేవాళ్లలో ఎక్కువమంది దాకా అది చేరకుండానే దొరికిపోయిందని చెప్పినా, ఆవిడకు పట్టలేదు.

ఇక నేను రాసిన ఆ ట్యాబ్ బగ్‌ను రిలీజ్‌కు నాలుగు రోజుల ముందు మూసేశారు. అప్‌డేట్ చేసి పాఠం 4 తెరిచాను. రాష్ట్రం నిండుగా ఉంది, ఒత్తు మొత్తం కనిపిస్తోంది. వెంటనే మరిదికి ఫొటో తీసి పంపాను. అలాగే ప్రింట్ ప్రివ్యూ కూడా నొక్కాను, ఎందుకు నొక్కానో. అక్కడ హెడ్డింగులో స్త్రీకి ఒత్తు లేదు. ఎర్ర సున్నా చుట్టి పక్కన పెట్టుకున్నాను. ముందు ఏడో తరగతి గైడు ప్రూఫులు పొద్దున్నకల్లా ఇవ్వాలి.